తేటరాయి పాయసం

మార్గశిర బహుళ పాడ్యమి, ఉదయం

మంచు ఈ రోజు మా విశ్వవిద్యాలయాన్ని మొత్తంగా మింగేసింది. ముందు కట్టిన తరగతుల పడవ కనిపించలేదు, పాఠం మాత్రం వినిపించింది. ఎవరో మేష్టారు మంచులోంచి త్రికోణమితి చెబుతున్నారు, పిల్లలు మంచులోంచే ఆవలిస్తున్నారు. నేను వెదురు పళ్ళెం పట్టుకుని మూడో హాస్టలు పడవలో గదిగదికీ తిరిగి నెమరురాళ్ళు పోగు చేసుకొచ్చాను.

కొలతల శాఖలో డాక్టరేటు తీసుకున్న మనిషిని నేను. పేరు మంగతాయారు. అయినా పిల్లలకి రాళ్ళక్కనే. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా డాక్టరు గారూ అని పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి చూస్తున్నాను.

రాళ్ళను మంచినీళ్ళలో కడిగి తెల్లగుడ్డ మీద పరిచాను. పడుకునేటప్పుడు రాయి తలగడ కింద ఉండాలి. ఒకసారి వచ్చి పోయే తలపును అది పట్టించుకోదు. వచ్చిన తలపే మళ్ళీ మళ్ళీ వస్తే మబ్బు కడుతుంది. ఏ తలపో చెప్పదు, ఎంతగా తిరిగిందో చెబుతుంది. రంగు రాసుకున్నాక ఎండలో పెడితే మబ్బు విడిపోయి రాత్రికి మళ్ళీ సిద్ధం. రంగులకు మేం పెట్టుకున్న పేర్లు తేట, కడుగునీళ్ళు, మజ్జిగ, పొగ, మసి. పరీక్షలప్పుడు పడవంతా మజ్జిగే, దానికి ఎవరూ కంగారుపడరు. మసి మాత్రం మంచిది కాదు. తిరిగిందే తిరిగే తలపు మనిషిని దిగులుజబ్బులోకి దింపుతుందని మా శాఖ ఎప్పుడో తేల్చింది. పూర్వం డిప్రెషన్ అనేవారట. అందుకే పక్షం పొడుగునా రాయి మసి కట్టిన పిల్లలను అమావాస్య పోటు మీద గట్టు పడవ వచ్చి తీసుకెళ్తుంది. గట్టు మీద ఆ తలపు దించేస్తారు.

ఈ రోజు పళ్ళెంలో ఒకటే మసిరాయి. తొమ్మిదో గది రూతుది. ఆ పక్క మంచం హైమది ఎప్పటిలాగే తేట, చేతిలో పట్టుకుంటే నా గీతలు కనిపించాయి. ఒకే గదిలో ఉండి ఆ అమ్మాయిని చూసైనా ఈ అమ్మాయి నేర్చుకోదేం అని విసుక్కున్నాను.

తదియ, శుక్రవారం

ఉతికిన చీర మూడో రోజు కూడా ఆరలేదు. తడిచీర కట్టుకుని ఊరంతా తిరిగినట్టు ఉంది, ఊరు అంటూ ఏదీ లేకపోయినా.

శుక్రవారం కనక తేటరాయి పాయసం. వారంలో అందరికంటే తేటగా ఉన్న రాయి ఎవరిదో వాళ్ళ గదికి గిన్నెడు పాయసం వెళ్తుంది, వరండాలో పిల్లలు చప్పట్లు కొడతారు. ఈ ఆనవాయితీ పెట్టింది నేనే. వానాకాలం పోయిన దగ్గర్నించీ అది హైమకే వెళ్తోంది.

వంట పడవలో బుల్లెబ్బాయి గరిటె తిప్పుతూ నవ్వాడు. "ఆయ్, మళ్ళీ ఆ తొమ్మిదో గది అమ్మాయికేనా అండీ తాయారమ్మగారూ? మిగతా పిల్లలకి ఈ జన్మలో నా పాయసం రుచి తెలిసేలా లేదండీ."

"మిగతావాళ్ళని రాత్రిళ్ళు ప్రశాంతంగా పడుకోమను, దొరుకుతుంది."

"మరేనండీ. మరి నాక్కూడా ఓ రాయి ఇప్పించండి. నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవనండీ."

గిన్నె తీసుకెళ్ళి ఇచ్చాను. హైమ నక్షత్రాల శాఖలో మూడో సంవత్సరం. సన్నటి పిల్ల. లేచి నిలబడి రెండు చేతులతో గిన్నె అందుకుంది, థాంక్సక్కా అంది. రూతు చప్పట్లు కొట్టలేదు. ఉప్పునేల సాగు చదివే ఆ పిల్ల కిటికీలో పెంచుకునే నారుమడికి నీళ్ళు పోస్తూ, నావైపు ఒక చూపు చూసింది. ఈర్ష్య అనుకున్నాను.

పంచమి, మధ్యాహ్నం

గట్టు నుంచి ఒక అమ్మాయి తిరిగొచ్చింది. పోయిన అమావాస్యకు మసిరాయితో వెళ్ళిన పిల్ల. మొహం కడిగిన పళ్ళెంలా మెరిసిపోతోంది. భోజనాల వరసలో ఆమె స్నేహితురాలు ఒకతి పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు పట్టుకుంది. ఈ అమ్మాయి మర్యాదగా నవ్వి, "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ" అంది.

వీళ్ళిద్దరికీ వానాకాలంలో పెద్ద గొడవైందట. ఆ గొడవ గురించే ఈ పిల్ల రోజూ కుమిలిపోయేదేమో. గట్టు మీద ఆ తలపు దించినప్పుడు, అది పట్టుకుని ఉన్నదంతా దానితో పాటే దిగిపోయింది. స్నేహితురాలు కంచం పట్టుకుని అలా కూర్చుండిపోయింది. అన్నం మీద పులుసు చల్లారిపోయింది.

నయమైంది అని నేను నమోదు చేశాను. చెయ్యాలి కదా. కానీ అన్నం సయించలేదు.

అష్టమి, ఉదయం

రూతు రాయి ఒక్క రోజు కూడా తెరిపి ఇవ్వలేదు. పాడ్యమి నుంచీ మసే.

నాకు అర్థం కానిది ఒకటే. దిగులుజబ్బు మనిషి ఇలా ఉండదు. రూతు రెండు కంచాలు తింటుంది. బుల్లెబ్బాయితో కూరలో ఉప్పు గురించి యుద్ధం చేస్తుంది. నిన్న నారుమడి మీద కొంగ వాలిందని చీపురు పట్టుకుని వరండా పొడుగునా తరిమింది. పరీక్షలో మార్కులు బాగానే ఉన్నాయి. ఈ రాయీ ఈ పిల్లా ఒకరికొకరు సంబంధం లేనట్టున్నారు.

రేడియోలో పరదేశి గారితో మాట్లాడాను. గట్టు మీద కొలతల శాఖ అధిపతి ఆయన, నాకు చదువు చెప్పిన గురువు. ఎప్పటిలాగే మెల్లగా, జోలపాడుతున్నట్టు మాట్లాడారు.

"మనుషులు తింటారు, నవ్వుతారు, పోట్లాడతారు తాయారూ. అదంతా పైపైన. రాయి అబద్ధం చెప్పదు."

"నిజమంతా చెబుతుందా సార్?"

"పడవ అమావాస్యకి వస్తుందమ్మా. పిల్లకి బట్టలు సర్దించు."

రూతునే అడిగితే తేలిపోతుంది, ఏమాలోచిస్తున్నావమ్మా అని. కానీ మా పడవల మీద ఎవరూ ఎవరినీ ఆ మాట అడగరు. ఎదుటివాళ్ళ కంచంలో చెయ్యి పెట్టడం ఎంత మొరటో అదీ అంతే. రాయి ఉండగా నోటితో అడగడం ఏమిటి? ఈ పిల్లలు రాళ్ళు వచ్చాక పుట్టినవాళ్ళు, వాళ్ళను ఆ ప్రశ్న అడిగినవాళ్ళే లేరు. మా అమ్మ మాత్రం అడిగేది. జడ వేస్తూ, జుట్టు గుంజి మరీ, "ఏంటే, ఏవిటాలోచిస్తన్నావ్?" అనేది. ఆ చేతుల కొబ్బరినూనె వాసన ఈ రోజంతా నా చుట్టూ తిరిగింది.

దశమి, శుక్రవారం

ఈ వారం కూడా తేటరాయి హైమదే. గిన్నె ఇచ్చి వచ్చాను. చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తూ పడవ అంచున ఆగాను. మంచు కాస్త విడింది, మునిగిపోయిన ఊరి నీళ్ళ ట్యాంకు నీళ్ళ మధ్య నిలబడి కనిపించింది. దాని మీద కొంగలు. కిందకు చూస్తే తొమ్మిదో గది కిటికీ దగ్గర నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. చేపలు. చిన్నవీ పెద్దవీ గుంపుగా నోళ్ళు పైకెత్తి తిరుగుతున్నాయి. మరే కిటికీ కిందా లేవు. అవి ఊరికే తిరిగే చేపలు కావు, దేనికోసమో వచ్చే చేపలు.

కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో గిన్నె. పాయసం తెల్లగా, మెల్లగా నీళ్ళలోకి జారింది. జీడిపప్పులు ఒకటొకటిగా మునిగాయి. చేపలు మూగాయి. ఆ చెయ్యి రూతుది, నారుమడి మట్టి ఇంకా గోళ్ళలో ఉంది.

ఖాళీ గిన్నె ఎప్పటిలాగే కడిగి గుమ్మం బయట పెట్టారు. ఇన్ని వారాలుగా ఆ గిన్నె చూసి, పిల్ల ఇష్టంగా తింటోందని మురిసిపోయాను.

ఏకాదశి, ఉదయం

అడిగేశాను.

రూతు వరండా చివర నారు కట్టలు కడుతోంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ నారు పేరేమిటని అడిగాను. చెప్పింది. ఈ ఉద్యోగంలో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"రూతమ్మా, ఏమాలోచిస్తున్నావు?"

పిల్ల చేతిలో కట్ట కింద పడింది. నేను ఏదో బూతుమాట అన్నట్టు నా మొహంలోకి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అదేం మాటక్కా? అలా అడుగుతారేంటి ఎవరన్నా?"

"తప్పే. అయినా అడుగుతున్నా. పాయసం చేపలకి ఎందుకు పోస్తున్నావు?"

కింద పడ్డ కట్ట తీయబోయింది. అంతలో ఏడుపు వచ్చింది ఆ పిల్లకి. చీపురుతో కొంగను తరిమిన పిల్ల, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"హైమ తినదక్కా. దేన్నీ తినదు. నేను కలిపి నోట్లో పెడితే నాలుగు ముద్దలు మింగుద్ది, నాకోసం. గిన్నె నిండుగా బయట పెడితే మీకు తెలిసిపోద్ది, గట్టుకి పంపేత్తారు, మళ్ళీ వచ్చేసరికి నన్నే గుర్తుపట్టదు. అందుకని పారబోత్తన్నా."

"కానీ హైమ రాయి తేటగా..."

"వానాకాలంలో లెక్కల పరీక్ష పోయినప్పుడు రోజూ ఏడిచేదక్కా. నావల్ల కాదు, నేనెందుకూ పనికిరాను అని అదే మాట. అప్పుడు రాయి పొగ కట్టేది. మసి కాలేదుగా, మీరేమీ అనలేదు. తరవాత ఏడవడం మానేసింది. మాట్లాడ్డం మానేసింది. జడేసుకోడం మానేసింది. రాయి తేటపడింది. మీరు పాయసం పంపారు."

రూతు మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"పున్నమి ముందు ఎర్ర శాలువా నాకిచ్చేసింది. వాళ్ళమ్మ అల్లిన శాలువా. నీకే బాగుంటది, ఉంచేసుకో అంది. అప్పట్నించీ నాకు నిద్ర పట్టట్లేదక్కా. కళ్ళు మూస్తే ఆ శాలువానే. తెల్లారేసరికి అది మంచం మీద ఉంటుందా ఉండదా అని, అదే, అదే, అదే."

రూతు రాయి ఎందుకు మసి కట్టిందో అప్పుడు తెలిసింది. అమావాస్యకు గట్టు పడవ వచ్చి రూతు తలలోంచి దించబోయేది హైమనే. రూతు మెరిసే మొహంతో తిరిగొస్తుంది, పక్క మంచం పిల్లకు మర్యాదగా నమస్కారం పెడుతుంది. అప్పటికి ఆ మంచం మీద పిల్ల ఉంటే.

లోపలికి వెళ్ళాను. హైమ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మంచు లోపలికి వచ్చి దుప్పటి తడుస్తున్నా కిటికీ మూయలేదు. పక్కన కూర్చుని తననూ అదే అడిగాను. హైమ సిగ్గుపడలేదు, ఆశ్చర్యపోలేదు.

"ఏం లేదక్కా. ఏదోటి అనుకుందామని చూత్తాను, రాదు. లోపల ఖాళీగా ఉంది."

"బాధగా ఉందా?"

"అది కూడా లేదక్కా. నేను దిగిపోతే ఈ పడవ వెంట్రుకవాసైనా పైకి లేస్తుందా అని ఓసారి అనుకున్నా. లేవదులే అనిపించింది. అంతే. మళ్ళీ అనుకోలేదు."

ఒకసారి అనుకుంది. రాయికి ఒక్కసారి లెక్కలోకి రాదు.

"దిగిపోవాలని ఉందా హైమా?" అని సూటిగా అడిగాను. నీళ్ళవైపు చూస్తూ అవునన్నట్టు తల ఊపింది.

నేను లేవలేదు. ఆ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చల్లగా ఉంది. సాయంత్రానికి నా పరుపు తొమ్మిదో గదిలోకి తెచ్చుకున్నాను. నా రాయి కూడా.

చతుర్దశి, ఉదయం

హైమను ఒంటరిగా వదలడం లేదు. రూతు తరగతికి వెళ్తే నేను, నేను రాళ్ళకు వెళ్తే రూతు. బుల్లెబ్బాయికి విషయం చెప్పాను. ఏమీ అడక్కుండా పలచటి గంజి కాచి పంపిస్తున్నాడు.

రేడియోలో పరదేశి గారితో గొంతు చించుకున్నాను. హైమకు డాక్టరు కావాలి అన్నాను. తేటరాయికి డాక్టరును పంపే అధికారం నాకు లేదమ్మా అన్నారు. రూతును పంపను అన్నాను. మసిరాయిని ఆపే అధికారం నీకు లేదమ్మా అన్నారు.

"అయితే మీరే రండి సార్. రేపు పడవలో మీరే రండి. వచ్చి, మీ చేత్తో తీసుకెళ్ళండి."

రేడియోలో ఆయన మాట సముద్రం హోరులో మునిగిపోయింది. వస్తానన్నారో లేదో తెలియలేదు.

అమావాస్య

పోటు బాగా ఎత్తుగా వచ్చింది. పడవలన్నీ ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ మూలిగాయి. మంచులోంచి గట్టు పడవ తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. దానిలోంచి పరదేశి గారు దిగారు. ఎంత ముసలివారైపోయారో. చెప్పులు తడిసి చప్పుడు చేస్తున్నాయి.

నేను తెల్లగుడ్డ పరిచి మూడు రాళ్ళు పెట్టాను. రెండు మసి, ఒకటి తేట.

"చెప్పండి సార్, వీళ్ళలో ఎవరిని తీసుకెళ్తారు?"

ఆయన వంగి చూసి మసిరాళ్ళు రెండూ పక్కకు తీశారు. "ఇదొకటి రూతుది. ఈ రెండోది ఎవరిదమ్మా?"

"నాదే. తొమ్మిదో గదిలో పడుకుంటే మీదీ ఇలాగే అవుతుంది. ముందు ఆ తేటరాయి పిల్లను చూసి రండి. చూడ్డమే కాదు, అడగండి. తరవాత మమ్మల్నిద్దరినీ తీసుకుపోండి, నేను మాట్లాడను."

ఆయన మొహం కందిపోయింది. అడగడమా అన్నట్టు చూశారు. అయినా లోపలికి వెళ్ళారు. నేనూ రూతూ గుమ్మంలో నిలబడ్డాం. రూతు నా చీర కొంగు పట్టుకుంది, చిన్నపిల్లలా.

పరదేశి గారు హైమ ఎదురుగా నిలబడి, తన కాళ్ళవైపు చూసుకున్నారు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. దేశమంతటికీ తలపులు కొలిచే మనిషికి ఆ నాలుగు మాటలు నోటికి రావడం లేదు.

"అమ్మా... నువ్వు... ఏమాలోచిస్తున్నావమ్మా?"

హైమ ఆయనకూ నాకు చెప్పిందే చెప్పింది. ఏం లేదండీ అంది. ఖాళీ అంది. పడవ బరువు గురించి అంది. మజ్జిగ తాగుతారా అని అడిగినంత మామూలుగా అంది.

ఆయన నేల మీద కూలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తుడుచుకుని, పెట్టుకోవడం మర్చిపోయారు. చివరికి నావైపు తిరిగి అడిగారు.

"ఇప్పటిదాకా ఇలాంటి పిల్లలు ఎంతమందికి పాయసం పోశాం తాయారూ?"

ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు, వాళ్ళ రాళ్ళన్నీ తేటే.

గట్టు పడవ ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళింది. డాక్టరును తీసుకురమ్మని ఆయన చీటీ రాసిచ్చారు. ఆయన మాత్రం వెళ్ళలేదు. తొమ్మిదో గది గుమ్మంలో, తడి చెప్పులు పక్కన పెట్టుకుని, సాయంత్రం దాకా కూర్చున్నారు. రూతు ఆయనకు నారు కట్టలు కట్టడం నేర్పింది. ఆయన కట్టినవన్నీ ఊడిపోయాయి.

పుష్య శుద్ధ విదియ, శుక్రవారం

డాక్టరమ్మ వచ్చింది. నెమ్మదిగల మనిషి. మందు మొదలుపెట్టింది. ఇది వారంలో తేలే జబ్బు కాదని, మంచి రోజుల మధ్య చెడ్డ రోజులు వస్తాయని, ఒంటరిగా వదలొద్దని చెప్పింది. వాళ్ళమ్మకు కబురు వెళ్ళింది. రూతు శాలువా తిరిగి ఇవ్వబోతే హైమ తీసుకోలేదు. తీసుకోకపోతే రూతు అదే కప్పి కూర్చుంది, ఇద్దరికీ కలిపి.

పాయసం ఎవరికి పంపమంటారండీ అని బుల్లెబ్బాయి అడిగాడు. ఇక నుంచి ఏ రాయికీ లేదు, అందరికీ తలా చెంచాడు పొయ్యి అన్నాను. "ఆయ్, ఇన్నేళ్ళకి నాకూ దక్కిందండీ" అని మొదటి చెంచా తనే తాగేశాడు.

పొద్దున్నే రాళ్ళ పళ్ళెంతో వెళ్ళినప్పుడు గదిగదిలోనూ అడుగుతున్నాను. సగంమంది తలుపు మొహాన వేస్తున్నారు. ఒకమ్మాయి పై అధికారులకు ఫిర్యాదు చేసింది, రాళ్ళక్క అసభ్యంగా మాట్లాడుతోందని. ఫిర్యాదు పరదేశి గారికే వెళ్ళింది.

పుష్య శుద్ధ నవమి, శుక్రవారం

నిన్న హైమ మళ్ళీ రోజంతా గోడవైపు తిరిగి పడుకుంది. ఈ వేళ పొద్దున తలగడ కింద చెయ్యి పెట్టాలంటే భయం వేసింది.

రాయి బయటికి తీశాను. కడగకుండానే కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. నా చేతి గీతలు సరిగ్గా కనిపించలేదు. గుడ్డతో తుడిచాను, అయినా కనిపించలేదు. కడుగునీళ్ళ రంగు. బియ్యం మొదటిసారి కడిగితే వచ్చేంత, పలచటి మబ్బు.

ఇన్నేళ్ళలో తేటపడిన రాయిని చూసి సంతోషించాను గానీ, మబ్బు పట్టిన రాయిని చూసి ఇంత సంతోషపడటం ఇదే మొదలు. భయం కూడా వేసింది. ఏ తలపో తెలియదు కదా.

"హైమా, ఏమాలోచిస్తున్నావమ్మా?"

హైమ కళ్ళు తెరిచింది. పైకప్పు వైపు చూసింది. నుదురు ముడిపడింది.

"పోయిన శుక్రవారం పాయసంలో పచ్చకర్పూరం ఎక్కువైందక్కా. నోరంతా చేదు. ఇయ్యాళ మళ్ళీ శుక్రవారం కదా, బుల్లెబ్బాయి గారికి చెప్తే బాధపడతారేమో, చెప్పకపోతే మళ్ళీ అలాగే చేత్తారేమో, ఎలా చెప్పాలా అని..."

"రాత్రంతా అదేనా?"

"అదే తిరుగుతా ఉందక్కా. తప్పా?"

రూతు శాలువాలో తల దూర్చేసి పక్క మంచం మీద భుజాలు కుదిపేస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, తనకూ తెలిసినట్టు లేదు.

వంట పడవకు నేనే వెళ్ళి చెప్పాను. బుల్లెబ్బాయి బాధపడ్డాడు, బాగానే పడ్డాడు. తరవాత కర్పూరం డబ్బా పై అరలోకి ఎక్కించేశాడు. మధ్యాహ్నం హైమ మూడు చెంచాలు తాగింది, ఇప్పుడు తీపి ఎక్కువైందని అంది.

హైమ రాయిని మాత్రం ఎండలో పెట్టలేదు. తొమ్మిదో గది కిటికీ కింద చేపలు వచ్చి, కాసేపు నోళ్ళు తెరుచుకుని తిరిగి, వెళ్ళిపోయాయి.